60 డాలర్లలో టీచర్లందరికీ డిసెంబర్ కానుకలు: పెట్టిపోతల టెన్షన్ వద్దు

అక్కా అని పిలిచారు కాబట్టి అక్కలాగే చెబుతాను. ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఆగస్టులో హైదరాబాద్ నుంచి డల్లాస్ శివారుకి వచ్చారు. బాబు రెండో తరగతి, పాప ప్రీ-కే, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి. డిసెంబర్ మూడో వారం దాటాక వింటర్ బ్రేక్. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ టీచర్‌కి 50 డాలర్ల గిఫ్ట్ కార్డు అంది, ఇంకొకావిడ 100 అంది. మీవారేమో "ఫీజే లేని స్కూల్లో గిఫ్టులేంటి" అంటున్నారు. మీ అత్తగారు తెలిసినవాళ్ళ చేత వెండి కుంకుమ భరిణె పంపి "టీచరమ్మకి ఇవ్వు" అన్నారు. మీరు పెట్టగలిగింది మొత్తం 60 డాలర్లు. వీటన్నిటి కింద ఉన్న అసలు భయం, ఏమీ ఇవ్వకపోతే, లేదా తక్కువ ఇస్తే, మన పిల్లల్ని చిన్నచూపు చూస్తారేమో అని.

నేను గుంటూరులో ఆరేళ్ళు పాఠాలు చెప్పి ఇక్కడికి వచ్చాను. ఇక్కడ మొదట సబ్‌స్టిట్యూట్‌గా, అంటే సెలవు పెట్టిన టీచర్ల బదులుగా, తర్వాత టీచర్ ఎయిడ్‌గా, అంటే క్లాసులో టీచర్‌కి సహాయకురాలిగా చేసి, సర్టిఫికెట్ తెచ్చుకుని ఇప్పుడు మూడో తరగతి చెబుతున్నాను. నా ఇద్దరు పిల్లలూ ఇక్కడి స్కూళ్ళలోనే చదివారు. అంటే ఈ కానుకలు ఇచ్చిన చెయ్యీ నాదే, పుచ్చుకుంటున్న చెయ్యీ నాదే.

భయం సంగతి ముందు తేల్చేద్దాం. టెక్సాస్‌లో 4వ తరగతి దాకా క్లాసుకి 22 మంది అని పరిమితి ఉంది. నా క్లాసూ దాదాపు అంతే. బ్రేక్‌కి ముందు రోజుల్లో వాళ్ళలో సగం మంది ఏదో ఒకటి తెస్తారు. ఆ రోజు సాయంత్రం ఎవరు ఏం తెచ్చారని అడిగితే నిజంగా చెప్పలేను. ఇంటికొచ్చి థాంక్యూ కార్డులు రాయడానికి కూర్చున్నప్పుడే ఏ సంచీ ఎవరిదో చూస్తాను. తేని పిల్లలెవరో లెక్కపెట్టే ఓపిక ఆ వారంలో ఏ టీచర్‌కీ ఉండదు. కాబట్టి మీవారి మాట తప్పేమీ కాదు. ఇవ్వాలన్న రూలు లేదు. ఇస్తే సంతోషం, అంతే.

100 డాలర్ల మాట మాత్రం పట్టించుకోకండి. డబ్బు దండగ అన్నది ఒక్కటే కారణం కాదు. టెక్సాస్‌లో టీచర్లకి రాష్ట్రం పెట్టిన నియమావళి ఉంది. మా నిర్ణయాల్ని అటూ ఇటూ చేసేలాంటి కానుకలు పుచ్చుకోకూడదని అందులో ఉంది. అదే చోట, పిల్లలూ తల్లిదండ్రులూ మెచ్చుకోలుగా బాహాటంగా ఇచ్చేవాటికి అడ్డు లేదని కూడా ఉంది. నలుగురి ముందూ ఇవ్వగలిగినదైతే మంచిదే అని దాని అర్థం. ఆ పైన ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్ సొంత పరిమితి పెట్టుకోవచ్చు. ఫ్రంట్ ఆఫీసులో అడిగితే నిమిషంలో చెబుతారు, మొహమాటపడక్కర్లేదు. వేరే రాష్ట్రాల్లో ఇది ఇంకా గట్టిగా ఉంటుంది. మసాచుసెట్స్‌లో పబ్లిక్ స్కూల్ టీచర్ ఒక కుటుంబం నుంచి 50 డాలర్లో అంతకంటే ఎక్కువో విలువైన కానుక తీసుకోకూడదు. ఎవరెంత వేశారో చెప్పకుండా క్లాసంతా కలిసి ఇస్తే 150 దాకా పరవాలేదు. అలాంటి చోట 100 డాలర్ల కార్డు ఇస్తే పుచ్చుకునే మనిషిని ఇరకాటంలో పెట్టినట్టే. పైగా ఈ పోటీ మన గ్రూపుల్లో ఒకళ్ళని చూసి ఒకళ్ళు పెంచుకున్నది. పెళ్ళిలో పెట్టిపోతల లెక్కలాగా, వాళ్ళు అంత పెట్టారు కాబట్టి మనం ఇంత పెట్టాలని. మిగతా తల్లుల్లో చాలామంది ఇచ్చేది 10 నుంచి 25 డాలర్ల మధ్యే.

ఇంకో సంగతి. ఇది ఏడాదికి ఒక్కసారితో అయిపోదు. మనకి సెప్టెంబర్ 5 ఎలాగో, ఇక్కడ మే నెలలో మొదటి పూర్తి వారం టీచర్ల వారం. ఆ వారంలో మంగళవారం టీచర్స్ డే. అప్పుడు రోజుకొక థీమ్ పెడతారు. ఒకరోజు పువ్వు తెమ్మంటారు, ఒకరోజు ఉత్తరం తెమ్మంటారు. ఇప్పుడే చేతులు దులుపుకుంటే మేలో మళ్ళీ టెన్షన్.

ఇక అసలు విషయానికొస్తాను. ఇన్నేళ్ళలో నేను పారేయకుండా దాచుకున్నవి ఒక చెప్పుల డబ్బాలో పడతాయి. అందులో ఉన్నవన్నీ కాగితాలే.

మా పక్క గదిలో చెప్పే టీచర్‌కి ఒక డిసెంబర్‌లో ఒక తెలుగు అబ్బాయి కవరు తెచ్చి ఇచ్చాడు. లోపల రూళ్ళ కాగితం, పూర్తిగా తెలుగులో. ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్న వాళ్ళ నాయనమ్మ రాసింది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు. టీచర్ ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చి "ఇందులో ఏముంది?" అంది. చదివి చెప్పాను. "అమ్మా, మా మనవడు ఇంట్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. మీ గురించి మాత్రం రోజూ చెబుతాడు. మీరు వాడికి గింజ నాటడం నేర్పారట. ఆ మొక్కకి నా పేరు పెట్టాడు. నేను వెళ్ళిపోతున్నాను, వాణ్ణి చూసుకోండి." అంతే. నేను తెలుగులో చదువుతూ ఇంగ్లిష్‌లో చెబుతుంటే ఆఖరి వాక్యం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఆ టీచర్ ఆ కాగితానికి ఫ్రేమ్ కట్టించి బల్ల వెనక గోడకి పెట్టుకుంది. తనకి అందులో ఒక్క అక్షరం చదవడం రాదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

కాబట్టి మీ 60 డాలర్లలో దేనికీ ఖర్చు పెట్టకముందే ఒక్కో టీచర్‌కీ ఒక ఉత్తరం రాయండి. "మీరు చాలా మంచి టీచర్, థాంక్యూ" అని రాస్తే అది ఏ టీచర్‌కైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ గుర్తుండదు. ఒక్క సంఘటన పట్టుకోండి. మీరు రాసిన దాంట్లోనే ఒకటి ఉంది చూడండి: ఆగస్టులో బాబు క్యాంటీన్‌లో ఏం తీసుకోవాలో తెలియక ఖాళీ ట్రేతో నిలబడితే టీచర్ పక్కన నిలబడి వరసలో నడిపించింది అన్నారు. అదే రాయండి. ఆ రోజు ఇంటికొచ్చి వాడు మీతో ఏమన్నాడో రాయండి. ఇప్పుడు వాడే కొత్తగా చేరిన పిల్లవాడికి ట్రే ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాడని రాయండి. నాలుగు వాక్యాలు చాలు. మీ ఇంగ్లిష్ ఎలా ఉంటుందో అని బెంగ వద్దు. ఫోన్‌లో రాయించిన నున్నటి ఇంగ్లిష్‌ని మేం ఇట్టే పోల్చుకుంటాం, దానికంటే మీరు మాట్లాడినట్టు రాసిన రెండు ముక్కలే మేలు. కింద బాబు చేత వాడి రాతతోనే ఒక వాక్యం రాయించండి. స్పెల్లింగ్ దిద్దకండి. మా ఇంట్లో ఆ తప్పుల మీదే ఎక్కువ ముచ్చటపడతాం. మీ అత్తగారిని తెలుగులో రెండు లైన్లు రాసి ఫొటో పంపమనండి. దాన్ని ప్రింట్ తీసి కింద అర్థం మీరు రాయండి.

పాపకి ఇంకా రాయడం రాదు కాబట్టి బొమ్మ గీస్తుంది. అది ఏం బొమ్మో అడిగి, తను చెప్పిన మాట తను చెప్పినట్టే పక్కన రాయండి, తారీఖు వెయ్యండి. "ఇది మా టీచర్, ఇది ఆమె పెద్ద చెయ్యి" అంటే అదే రాయండి.

డబ్బు పెట్టదగిన వాటిలో నేను మొదట చెప్పేది గిఫ్ట్ కార్డే. ఇందులో ఆప్యాయత ఏముంది అంటారేమో. ఉత్తరం పక్కన పెడితే ఉంటుంది. టార్గెట్ లాంటి అన్నీ దొరికే కొట్టుదైతే ఎవరికైనా పనికొస్తుంది. స్టార్‌బక్స్ అందరూ ఇస్తారు, కాఫీ తాగని టీచర్లూ ఉంటారు. మీ క్లాసు రూమ్ పేరెంట్‌ని, అంటే క్లాసు తరఫున ఇలాంటి పనులు చూసే తల్లినో తండ్రినో అడగండి. సెప్టెంబర్‌లోనే టీచర్ల చేత ఒక ఇష్టాల కాగితం నింపిస్తారు చాలా స్కూళ్ళలో: ఏ రంగు, ఏ చాక్లెట్, ఏ కొట్టు, ఏ అలర్జీ. అది చూడకుండా ఏదీ కొనొద్దు. వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తు ఉన్న ప్రీపెయిడ్ కార్డులు వద్దు. కొనేటప్పుడే నాలుగైదు డాలర్లు అదనంగా వసూలు చేస్తారు. 10 డాలర్ల కానుకకి అది సగం కదా! కొట్టు కార్డుకి ఆ బెడద లేదు. గడువు గురించి కంగారు పడకండి. 2009లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం గిఫ్ట్ కార్డు సొమ్ముకి కనీసం ఐదేళ్ళు గడువు ఉండాలి.

కార్డు కొన్నప్పుడు వెనక గీకే పట్టీ ముందే గీకి ఉందేమో, కవరు విప్పి మళ్ళీ అంటించినట్టుందేమో చూసుకోండి. నంబర్లు దొంగిలించి డబ్బు లాగేసే మోసం ఇక్కడ బాగా నడుస్తోంది. ఒక ఏడాది నాకు వచ్చిన కార్డు కొట్లో గీకితే సున్నా చూపించింది. ఆ సంగతి ఆ అమ్మకి చెప్పలేదు. ఎలా చెబుతాం? రసీదు దాచుకోండి, లేదా ఈమెయిల్‌లో వెళ్ళే కార్డు పంపి దాని కాగితం ఉత్తరంతో జత చెయ్యండి.

క్లాసంతా కలిసి ఇచ్చే పద్ధతి ఉంటే హాయిగా అందులో చేరండి. ఐదు డాలర్ల చొప్పున పన్నెండు కుటుంబాలు వేస్తే 60 డాలర్ల కార్డు ఒకటి అవుతుంది. ఎవరెంత వేశారో టీచర్‌కి తెలియదు, తెలియకూడదు కూడా. రూమ్ పేరెంట్ 20 అడిగితే 5 వేసి ఊరుకోవచ్చు, ఎవరూ నిలదియ్యరు. అందులో వేశాక విడిగా ఏమీ కొనక్కర్లేదు, ఉత్తరం ఒక్కటీ చాలు.

కొంతమంది క్లాసుకి సామాన్లు ఇస్తారు. వైట్ బోర్డ్ మార్కర్లు, టిష్యూ డబ్బాలు, పెన్సిళ్ళు, జిగురు కడ్డీలు. ఆగస్టులో తెచ్చినవన్నీ డిసెంబర్‌కి అడుగంటుతాయి. జనవరిలో మేమే కొంటాం. నేను ఏడాదికి 300 డాలర్ల పైనే నా జేబులోంచి పెడతాను. ప్రభుత్వం టీచర్లకి దీని మీద ఆదాయంలో మినహాయింపు ఇస్తుంది, 2022లో దాన్ని 250 నుంచి 300 చేశారు. మినహాయింపు అంటే ఆ డబ్బు తిరిగి వస్తుందని కాదు. 22 శాతం పన్ను కట్టేవాళ్ళకి 300 మీద తగ్గేది 66 డాలర్లు. కాబట్టి సామాన్లు చాలా ఉపకారమే. కానీ ఇది క్లాసుకి ఇచ్చేది, టీచర్‌కి కాదు. కోడలికి పండగకి చీర బదులు కుక్కర్ కొని "నీకే" అన్నట్టుంటుంది. సామాన్లు ఇస్తే మామూలు రోజుల్లో, ఫిబ్రవరిలో ఒకసారి ఇవ్వండి. అప్పుడు దేవుడు పంపినట్టు ఉంటుంది.

మగ్గులు, కొవ్వొత్తులు, లోషన్లు, ఆపిల్ బొమ్మ ఉన్న ఏ వస్తువైనా వద్దు. నా దగ్గర ఉన్న మగ్గులతో టీ కొట్టు పెట్టొచ్చు. సువాసనలు చాలామందికి పడవు. వైన్ సీసా ససేమిరా వద్దు, స్కూల్ ఆవరణలోకి మద్యం రాకూడదు. క్రిస్మస్ చెట్టుకి తగిలించే బొమ్మలు కూడా ఆలోచించి ఇవ్వండి. టీచర్లందరూ క్రిస్మస్ చేసుకోరు. యూదులుంటారు, ముస్లింలుంటారు, ఏ పండగా చేసుకోని యెహోవా సాక్షులుంటారు. కార్డు మీద "హ్యాపీ హాలిడేస్" అనో "బ్రేక్‌లో బాగా విశ్రాంతి తీసుకోండి" అనో ఉంటే ఎవరికైనా సరిపోతుంది.

దేవుడి బొమ్మల గురించి నా కథ చెప్పాలి. మా పెద్దాడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు వాళ్ళ టీచర్‌కి ఇత్తడి వినాయకుణ్ణి ఇచ్చాను, దాదాపు కిలోన్నర. ఎంతో గొప్ప కానుక ఇచ్చానని ఆర్నెల్లు మురిసిపోయాను. మే చివర్లో గది సర్దడానికి సాయం వెళ్తే స్వామివారు నేల మీద ఉన్నారు, తలుపు మూసుకుపోకుండా అడ్డంగా. టీచర్ మనస్ఫూర్తిగా చెప్పింది: "నువ్విచ్చిన ఏనుగు ఎంత ఉపయోగపడిందో!" విఘ్నాలు తొలగించేవాడు ఆ ఏడాదంతా తలుపు తెరిచే ఉంచాడన్నమాట. తప్పు ఆమెది కాదు. అది ఏమిటో, ఎక్కడ పెట్టుకోవాలో నేను చెప్పలేదు. చెప్పినా, మన దేవుణ్ణి ఇంకొకరి ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో నిర్ణయించే బరువు ఆమె మీద పెట్టకూడదు.

మన ఊరి వస్తువు ఇవ్వాలనే కోరిక మాత్రం మంచిదే. చిన్నది, తేలికైనది, దేవుడు లేనిది చూసుకోండి. నేను ఇచ్చినవాటిలో బాగా నచ్చింది ఏటికొప్పాక బొంగరం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఆ ఊరు. అంకుడు కర్రని తిప్పుతూ, లక్కలో గింజల నుంచీ ఆకుల నుంచీ తీసిన రంగులు కలిపి అద్దుతారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా చిన్నదాని టీచర్ ఆ బొంగరాల్ని బల్ల మీద పెట్టుకుంటే, వాన పడి పిల్లలు బయటికి వెళ్ళలేని రోజుల్లో ఎవరిది ఎక్కువసేపు తిరుగుతుందో అని పందేలు వేసుకునేవారు. పోచంపల్లి ఇక్కత్ గుడ్డతో కుట్టిన పెన్నుల సంచీ, కలంకారీ అట్ట ఉన్న నోటు పుస్తకం కూడా బాగుంటాయి. పక్కన చిన్న చీటీ పెట్టండి: ఇది ఫలానా ఊళ్ళో చేత్తో చేసింది, మా అమ్మమ్మగారి ఊరు అక్కడికి ఇంత దూరం, అని. చీటీ లేకపోతే అది వట్టి వస్తువే.

ఈ డిసెంబర్‌కి ఇక్కడ ఆన్‌లైన్‌లో వెతక్కండి, రెండు మూడింతల ధర ఉంటుంది. ఎండాకాలం ఊరెళ్ళినప్పుడు లేపాక్షి ఎంపోరియంలోనో గోల్కొండ ఎంపోరియంలోనో అరడజను కొనుక్కుని సూట్‌కేసులో ఒక మూల పెట్టుకుంటే రెండేళ్ళు గడుస్తుంది.

తిండి విషయంలో మనవాళ్ళ మనసు నొచ్చుకుంటుందని తెలిసే చెబుతున్నాను. ఇంట్లో చేసింది స్కూల్‌కి పంపకండి. కొన్ని స్కూళ్ళు కొట్లో కొన్న, మూత విప్పని, ఏమేం కలిపారో అచ్చేసి ఉన్న పొట్లాలే లోపలికి రానిస్తాయి. రానిచ్చినా, మన మిఠాయిల్లో ఏముందో చూడగానే వాళ్ళకి తెలియదు. కాజూ కత్లీ చూడటానికి పాలకోవాలా ఉంటుంది, నిండా జీడిపప్పే. పల్లీ పట్టీ సంగతి సరే, నువ్వులుండలూ అరిసెలూ కూడా జాగ్రత్త. ఈ దేశంలో తప్పనిసరిగా లేబుల్ మీద రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదోవిగా చేరాయి. క్లాసులో ఒక్క పిల్లాడికి పడకపోయినా టీచర్ ఆ డబ్బా తెరవదు. ఇంకో నిజం ఏమిటంటే, ఆ వారంలో టీచర్ బల్ల మీద తీపి గుట్టలు పడుతుంది. మీరు నాలుగు గంటలు పొయ్యి దగ్గర నిలబడి చేసిన సున్నుండలు స్టాఫ్ గదిలో "ఇదేంటో" అని వాసన చూసి పక్కన పెట్టడం నేను కళ్ళారా చూశాను. మిగిలినవి నేనే తెచ్చుకుని తిన్నాను, అది వేరే సంగతి. టీచర్ తెలుగావిడైతే, లేదా మీ ఇంటికి భోజనానికి వచ్చేంత చనువుంటే, అప్పుడు పెట్టండి కడుపు నిండా.

గుంటూరులో ఒక సెప్టెంబర్ 5న ఒకటో తరగతి పిల్లాడు పేపర్లో చుట్టి మూడు దోర జామకాయలు తెచ్చాడు. "ఐదు తెచ్చాను టీచర్, ఆటోలో రెండు తినేశాను" అన్నాడు. అక్కడ అది పండగ. ఇక్కడ అదే పని చేస్తే ఎవరికి ఏం పడదో అని ఆలోచించాలి. ఊరు మారింది, పద్ధతి మారింది, చేసేదేం లేదు.

ఇప్పుడు చాలామంది మరిచిపోయే మనుషుల గురించి. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం నింపారు కదా, మీరు తెలుగు అని రాశారు. అందువల్లే పరీక్ష పెట్టి బాబుకి ఈఎస్ఎల్ టీచర్ సాయం ఇచ్చారు, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లిష్ నేర్పే టీచర్. ఈ రాష్ట్రంలో ప్రభుత్వ ప్రీ-కేలో ఉచితంగా సీటు వచ్చే కారణాల్లో ఇంగ్లిష్ రాకపోవడం ఒకటి. మీ పాపకి సీటు వచ్చింది బహుశా అలాగే. ఆ ఈఎస్ఎల్ టీచర్ మూడు నాలుగు క్లాసుల పిల్లల మధ్య తిరుగుతుంది. ఏ క్లాసు జాబితాలోనూ ఆమె పేరుండదు, ఏ రూమ్ పేరెంటూ ఆమెకి చందా పోగు చెయ్యరు. మీ బాబు నోరు విప్పింది ఆమె దగ్గరే అని మీరే రాశారు. ఆమెకి తప్పకుండా ఇవ్వండి. అలాగే పాప క్లాసులో ఎయిడ్. నేను ఎయిడ్‌గా చేసిన ఏళ్ళలో పిల్లల జిప్పులు పెట్టింది, ముక్కులు తుడిచింది, వాంతులు కడిగింది నేను. కానుకల సంచులు మాత్రం పక్క కుర్చీ మీదకి వెళ్ళేవి. జీతం కూడా టీచర్ కంటే బాగా తక్కువ. ప్రధాన టీచర్‌కి ఎంతో ఎయిడ్‌కీ అంతే ఇవ్వండి, ఒక్క డాలరు కూడా తేడా వద్దు. మన దగ్గర ఆయమ్మకి పండగ మామూలు ఇస్తాం, ఇక్కడ మాత్రం ఎందుకో ఆమె కనబడదు. బస్సు డ్రైవర్‌కి చిన్న కార్డు. ఫ్రంట్ ఆఫీసులో ఇద్దరు ముగ్గురుంటారు, వాళ్ళందరికీ కలిపి కొట్లో కొన్న బిస్కెట్ల డబ్బా ఒకటి.

మీ 60 డాలర్లు నేనైతే ఇలా పంచుతాను. బాబు టీచర్‌కి 15 డాలర్ల కార్డు. పాప టీచర్‌కి 10, ఎయిడ్‌కి 10. ఈఎస్ఎల్ టీచర్‌కి 10. బస్సు డ్రైవర్‌కి 5. ఆఫీసు డబ్బాకి 8. మొత్తం 58. మిగిలిన రెండు డాలర్లకి డాలర్ కొట్లో కార్డుల ప్యాకెట్ వస్తుంది. మ్యూజిక్, ఆర్ట్, పీఈ (ఆటలు, వ్యాయామం) టీచర్లకీ లైబ్రేరియన్‌కీ బాబు గీసిన బొమ్మ, ఒక వాక్యం చాలు. వాళ్ళకి వందల మంది పిల్లలు, పేరుతో థాంక్యూ చెప్పేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. చంద్రుడికో నూలుపోగు అంటాం కదా, ఆ నూలుపోగు మీద పేరు రాసి ఇవ్వండి.

పైసా ఖర్చు లేనిది ఇంకొకటి ఉంది, దీన్ని మాత్రం వదలకండి. బాబు టీచర్ గురించి ఆ క్యాంటీన్ సంగతే ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ రాసి, టీచర్‌కి కాపీ పెట్టండి. ప్రిన్సిపాల్ పెట్టెలో పడేవి దాదాపు అన్నీ ఫిర్యాదులే. మెచ్చుకుంటూ వచ్చిన మెయిల్‌ని ఆవిడ సంవత్సరాంతపు సమీక్షలో మా ముందు చదివి వినిపిస్తుంది. నాకు అలా రెండుసార్లు జరిగింది. కార్డుల డబ్బు దేనికి ఖర్చయిందో గుర్తులేదు కానీ ఆ రెండు మెయిళ్ళూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి. బాబు ఆరో తరగతికి వెళ్ళాక ఆరేడుగురు టీచర్లుంటారు. అప్పుడు అందరికీ కొనడం ఎవరి వల్లా కాదు, ఈ మెయిలే దారి.

మీవారిది ఐటీ కంపెనీ అన్నారు. ఉద్యోగి విరాళం ఇస్తే అంతే మొత్తం కంపెనీ కలిపే పద్ధతి ఉందేమో కనుక్కోమనండి. స్కూల్ పీటీఏ, అంటే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసిన సంఘం, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ అయితే 25 వేస్తే 50 అవుతుంది. "గిఫ్టులేంటి" అన్న ఆయనకి ఈ లెక్క నచ్చొచ్చు.

ఎప్పుడివ్వాలంటే, ఆఖరి రోజు వద్దు. ఆ రోజు పార్టీ, సినిమా, పైజామాలు, గోల. సగం సంచుల మీద పేర్లుండవు. బ్రేక్‌కి రెండు మూడు రోజుల ముందు, పొద్దున్నే బాబు చేత్తోనే ఇప్పించండి. కార్డు లోపల బాబు పూర్తి పేరు రాయండి, మా దగ్గర ఒకే పేరుతో ముగ్గురున్న ఏళ్ళు ఉన్నాయి. పెద్ద సంచీ, మెరిసే కాగితాలు అక్కర్లేదు, కవరు చాలు. జనవరిలో టీచర్ నుంచి థాంక్యూ కార్డు వస్తుంది. దానికి మళ్ళీ జవాబు రాయక్కర్లేదు, ఇక్కడ అక్కడితో ఆగిపోతుంది.

ఇక మిగిలింది కుంకుమ భరిణె. మీ అత్తగారి మనసు నొప్పించడం ఇష్టం లేదన్నారు. ఆవిడకి నిజం చెప్పెయ్యండి: ఇక్కడ వెండి ఇస్తే టీచరమ్మ పుచ్చుకోవడానికి ఇబ్బంది పడుతుంది, మీ చేతిరాత అయితే గోడకి పెట్టుకుంటుంది అని. నాయనమ్మ ఉత్తరం కథ కూడా చెప్పండి. రెండు లైన్లు రాసి పంపమంటే నాలుగు పేజీలు పంపుతారు, చూడండి. భరిణె మీ దగ్గరే ఉంచుకోండి. బ్రేక్ అయిపోయిన కొద్ది రోజులకే సంక్రాంతి. పక్క బ్లాకులో మనవాళ్ళు నలుగురున్నారన్నారు కదా, పేరంటానికి పిలిచినప్పుడు బొట్టు పెట్టడానికి అదే తీయండి.